దుప్పికొమ్ముల కొలత

దుప్పికొమ్మును గొలుచుట యొక విద్య యన్నచో శ్రోతలలో గొందఱు నవ్వుకొందురు. గుడ్డ గొలుచువానికి గజముబద్ద యున్నది, పొలము గొలుచువానికి గొలుసున్నది. వంకరలు తిరిగి, కొనలు చీలి, కుడి యెడమలు సరిపోలని కొమ్మును దేనితో గొలువవలెను? అసలు కొలువవలసిన పని యేమి? కొలిచినవారు కలరు. కొలిచి, అచ్చు వేయించి, ఆ యచ్చుపుస్తకములో తమ పేరు చూచుకొనుటకై సముద్రములు దాటి మన యడవులకు వచ్చినవారును గలరు. వారి కొలత యొకటి, అదే కొమ్మునకు మన తెలుగుసీమలో జరుగుచు వచ్చిన వేఱు కొలతలు రెండు. వీని చరిత్రను ఈ పూట కొంత చెప్పదలచితిని.

మా తిరువూరు బెజవాడనుండి భద్రాచలము పోవు బాటమీది యూరు. మొన్నటివఱకు కృష్ణాజిల్లాలోనిది, 2022 ఏప్రిల్ మాసమున ఎన్.టి.ఆర్. జిల్లాలో జేరినది. 1948 వఱకు ఉత్తరపు పొలిమేర దాటినచో నైజాము రాజ్యము. ఈ వైపున 1882 నాటి మద్రాసు అటవీచట్టము, ఆ వైపున నవాబుగారి ఫర్మానాలు. నడుమ వాగులలో నీరు త్రాగి యిటు నటు మేయుచు దిరిగెడు దుప్పికి మాత్రము ఏ చట్టమును దెలియదు. ఈనాడీ ప్రాంతము మామిడితోటలకు బేరుపడినది. అయినను పాతలోగిళ్ల పడసాలలో, గోడకు గొట్టిన చెక్కపలకమీద, కొమ్ములజంటలు అక్కడక్కడ నేటికిని గనబడుచుండును. కొన్ని యిండ్లలో వానికి గొడుగులు తగిలింతురు. ఇవి యేమిటిరా యని యింటి పిల్లవాని నడిగినచో “జింక కొమ్ములు” అనును. చిక్కు అక్కడనే మొదలగుచున్నది.

జింక వేఱు, దుప్పి వేఱు. మగజింకను ఇఱ్ఱి యనియు ఆడుదానిని లేడి యనియు మనవా రనిరి. ఇఱ్ఱికొమ్ము మెలికలు తిరిగి నిట్టనిలువుగ నుండును, శాఖలుండవు, పుట్టిన కొమ్ము చచ్చునంతవఱకు నుండును. లోపల నెముకదిమ్మె, పైన గోరువంటి పదార్థపు తొడుగు. మన యెద్దుకొమ్మును అట్టిదే. చుక్కల దుప్పికిని, కణుజునకును ఉన్న కొమ్ము అట్టిది కాదు. అది ముమ్మాటికి నెముక. ఏటేట రాలిపోవును, ఏటేట క్రొత్తది మొలుచును. కణుజునే కొన్నియెడల కణితి యందురు. ఈ పేళ్లు ఊరూరికి మాఱుచుండుటచే, ఒక యూరి వేటగాడు చెప్పినది మఱియొక యూరివానికి వేఱుజంతు వగుచుండును. 1867 లో భారతదేశపు క్షీరజంతువులమీద గ్రంథము ప్రకటించిన జెర్డను అను వైద్యుడు, కొంతకాలము నెల్లూరిలో నుద్యోగము చేసినవాడు, ఒక్కొక్క జంతువునకు దేశభాషలలోని పేళ్లను గూడ జేర్చుట యెంతయో మేలైనది.

కొమ్ము మొలచు తీరు వినదగినది. పాతకొమ్ము రాలినచోట మెత్తని బొడిపె యొకటి లేచును. దానిపైన నూగుతో గూడిన సన్ననితోలు. ఆ తోలులో నెత్తురు పాఱుచుండును. ముట్టినచో వెచ్చగా నుండును. కొన్ని నెలలలో లోపల నెముక గట్టిపడి, తోలెండి, దుప్పి దానిని చెట్ల మానులకు రాచి రాచి యూడ్చుకొనును. ఆ రాపిడి గుర్తులను జూచియే అడవివారు ఈ త్రోవను బోతు తిరుగుచున్న దని చెప్పుదురు. కణుజులలో బెక్కు వేసవి కాలమున కొమ్ములు రాల్చి, వానలలో బెంచి, చలికాలమునకు గట్టిపఱచుకొనును. చుక్కల దుప్పికి దక్షిణదేశమున ఇంత కచ్చితమైన ఋతువు లేదు. ఒకే మందలో ఒకదానికి ముదురుకొమ్ము, ఒకదానికి లేతకొమ్ము, ఒకదానికి మొండితల యుండుట చూడవచ్చును. రెండింటికిని సాధారణముగ ఒక్కొక్క కొమ్మునకు మూడే కొనలు: నుదుటిమీదుగ ముందుకు వచ్చునది యొకటి, చివర చీలిన రెండు. ఎన్ని కొనలో అన్ని యేండ్ల వయసని యనుకొనువారు పలువురు కలరు. అట్లైనచో మన దుప్పి మూడేండ్లు దాటి బ్రతుకనే కూడదు! వయసు, మేత, నేలలోని ఖనిజములు, ఆ యేటి వానలు, ఇవన్నియు గలిసి కొమ్మును బెంచును. మంచిప్రాయము దాటిన పిమ్మట పొడవు మరల తఱుగును. కావున ఏ కొమ్ముపొడవైనను ఆ జంతువుయొక్క ఒక యేటి లెక్కయే.

మన పూర్వులు ఈ జంతువుల నెఱుగనివారు కారు. అమరకోశములో కృష్ణసారము, రురువు, శంబరము, పృషతము మున్నగు పేళ్లు వరుసగా నున్నవి. కృష్ణసారము నలుపునుబట్టి వచ్చిన పేరు. పృషతము చుక్కలనుబట్టి వచ్చినది. మన ప్రబంధములలో వేట వర్ణనలకు గొదువ లేదు. మనుచరిత్రమున స్వరోచి వేట అందఱెఱిగినదే. నేను జదివినంతలో ఏ కవియు నే రాజును ఇన్ని యంగుళముల కొమ్మును గొట్టె నని పొగడలేదు. గుఱి పొగడిరి, వేగము పొగడిరి, కుక్కల కులగోత్రములు సైతము చెప్పిరి. కొమ్ముపొడవునుబట్టి వేటగాని ఘనతను నిర్ణయించు పద్ధతి క్రొత్తది. దాని పుట్టిన తేదీ దాదాపుగ మనకు దెలియును.

లండనునగరమున పికాడిలీ వీథిలో రోలండ్ వార్డ్ అను నాతడు చచ్చిన జంతువుల తోళ్లను నింపి బ్రతికినవానివలె నిలబెట్టు అంగడి నడిపెను. ఆసియా, ఆఫ్రికా ఖండములనుండి దొరలు పంపిన తలలన్నియు నాతని బల్లమీదికి వచ్చుచుండెను. 1892 లో ఆతడు, ప్రపంచములోని పెద్దజంతువుల కొమ్ముల కొలతలను బట్టికలుగా గూర్చి యొక పుస్తకము వెలువఱచెను. వర్తకునకు దెలివి గలదు. పుస్తకములో బేరుండినచో దల తెచ్చినవాడు మఱియొక తల దెచ్చును గదా! నాలుగేండ్లకే రెండవకూర్పు వచ్చినది. ఆతడు 1912 లో గతించినను పుస్తకము మాత్రము కూర్పుమీద కూర్పుగా సాగుచునే యున్నది. మన దేశపు కణుజు, దుప్పి, ఇఱ్ఱి అందులో దమతమ పుటలలో వరుసదీరినవి.

ఆ పద్ధతి చెప్పెదను. కాగితము, టేపు దగ్గఱ నున్నవారు గుర్తు వ్రాసికొనవచ్చును. కొమ్ము తలనుండి లేచుచోట గరుకైన వలయ మొకటి యుండును. దాని క్రిందియంచునుండి, వెలుపలి వంపు వెంబడి, మిక్కిలి పొడవైన కొనవఱకు టేపును బోనియ్యవలెను. అది పొడవు. నుదుటికొనకు బైన నడికొమ్ము చుట్టుకొలత తీయవలెను. రెండు కొమ్ముల నడుమ లోపలివెడల్పు, కొనకు గొనకు దూరము, కొనల సంఖ్య, ఇవి తరువాతివి. టేపు లేనివారు నూలుత్రాటిని వంపుల వెంబడి బఱచి దానిని తరువాత బద్దమీద నిలిపి చూచుట వాడుక. త్రాడు సాగినచో కొమ్మును సాగును, అందుచేతనే సన్నని యుక్కుటేపు కావలె నని నియమము పెట్టిరి. ఇఱ్ఱికొమ్మునకు మాత్రము మెలికల వెంబడి పోక, మొదలికి గొనకు నడుమ సూటిగా గొలుచుటయే మనదేశపు వేటగాండ్రలో వాడుకగా నుండెను. మెలికలు చుట్టి కొలిచిన పెద్ద యంకె చెప్పువారును లేకపోలేదు. “ఇరువది యాఱంగుళము”లన్న మాట విన్నపుడు, సూటిగనా, చుట్టునా యని యడుగనిదే ఏమియు దెలియదు.

మా యూరి పాతలోగిలి యొకదానిలో, చట్టప్రకారము యాజమాన్యపత్రము పుచ్చుకొని యుంచిన కణుజుకొమ్ములజంటను గృహస్థుల యనుమతితో నేను గొలిచితిని. కుడికొమ్ము 31 అంగుళములు, ఎడమది 29½. రోలండ్ వార్డ్ లెక్కలో దీని స్థానమును నిర్ణయించునది 31, అనగా పెద్దకొమ్మే. చిన్నది ప్రక్కనుండి చూచుచుండవలసినదే. గొప్ప కణుజులకు 110 సెంటీమీటర్లవఱకు, అనగా నలువదిమూడంగుళములవఱకు, కొమ్ములుండు నని శాస్త్రజ్ఞులు చెప్పుదురు గనుక మా యూరి జంట ఆ పట్టికల పెద్దలకు జాలదూరము.

అమెరికావారికి ఈ పద్ధతి యన్యాయముగ దోచెను. అక్కడ థియోడోర్ రూజ్వెల్టు మొదలైనవారు 1887 లో స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు 1932 లో దన మొదటి రికార్డుల పుస్తకమును బ్రకటించి, 1950 లో సమగ్రమైన లెక్క నొకదానిని స్వీకరించెను. అందులో రెండు నడికొమ్ముల పొడవు, ప్రతికొన పొడవు, ఒక్కొక్క కొమ్మున నాలుగుచోట్ల చుట్టుకొలత, లోపలివెడల్పు అన్నియు గూడుదురు. అంగుళమున కెనిమిదవవంతువఱకు లెక్క. చంపిన పిమ్మట అఱువది దినము లాఱనిచ్చికాని కొలువరాదు, ఏలయన పచ్చికొమ్ము ఎండినకొలది ముడుచుకొనును. అంగుళము పొడవైనను లేని మొలక కొనగా లెక్కకు రాదు. అన్నిటికంటె ముఖ్యము, కుడి యెడమల భేదమును దీసివేయుదురు. మా జంటకు నడికొమ్ములు 60½ కూడి, ఒకటిన్నర భేదము పోయి, 59 మిగులును; తక్కిన కొలతలు దానిపై జేరును. సమత్వమే సౌందర్య మని వారి నమ్మకము. దుప్పి యద్దములో జూచుకొని కొమ్ములు పెంచదు గదా యని నాకనిపించును.

ఐరోపావారి త్రోవ మఱియొకటి. హంగరీ దేశీయుడగు హెర్బర్టు నాడ్లరు పేరిట వెలసిన సూత్రమే ఎఱ్ఱదుప్పికి వారి ప్రమాణము. అందులో రెండు నడికొమ్ముల సగటు పొడవునకు సెంటీమీటరుకు అరమార్కు, ఎండినకొమ్ముల బరువునకు కిలోకు రెండు మార్కులు, కొన కొక మార్కు. అంతటితో నాగక రంగునకు రెండు మార్కులవఱకు, కొమ్ముమీది గరుకు ముత్యములకు రెండు, కొనల వాడికి రెండు! పెండ్లిచూపులలో బిల్లకు మార్కులు వేసినట్లున్నది. 1930 లో పారిసున నేర్పడిన అంతర్జాతీయ వేటమండలి ఇట్టి సూత్రములను జగమంతట వ్యాపింపజేసినది. 1937 లో బెర్లినులో, గోరింగు పెత్తనమున, జరిగిన వేట ప్రదర్శనములో దేశములకు దేశములే కొమ్ములతో బోటీపడినవి. మూడు కొనలకు మించని మన కణుజును ఈ తూనికలలో నిలుపుట, తాటిచెట్టునకు కొమ్మలు లేవని తప్పుపట్టుటవంటిది.

ఇక మన తెలుగుసీమలోని కొలతల సంగతి. అడవిలో వేసవి చివర కొమ్ములు రాలును. వానిని గొంత ఏదుపందులు కొఱికి తినును. సున్నముకొఱకు దుప్పులే నమలుటయు గలదు. మిగిలినవానిని అడవిప్రాంతపువారు పుల్లలతోను తేనెతోను బాటు ఏఱి తెచ్చి సంతలో నమ్మెడివారు. కొన్న వర్తకునకు వంపుతో బనిలేదు, కొనలతో బనిలేదు; వీసెలు, మణుగులు. ఎనిమిది వీసెలు మణుగు, మణుగునకు మద్రాసు లెక్కలో ఇరువదియైదు పౌనులు. ఆ మూటలు ఓడలెక్కి పోయి ఇంగ్లండులో షెఫీల్డు పట్టణమున కత్తిపిడు లయ్యెడివి. కణుజుకొమ్ము లోపల బెండు తక్కువగా, గట్టిగా నుండుటచే అక్కడి కత్తులవారికి మిక్కిలి ప్రీతి. దొరగారి భోజనపుబల్లమీద మాంసము గోయు కత్తికి మన యడవి దుప్పికొమ్మే పిడియైన దన్నమాట. విశాఖపట్టణపు పనివాండ్రు ఇంకను నేర్పరులు. దంతముతోను తాబేటిచిప్పతోను వారు చేసిన పెట్టెలు లోకప్రసిద్ధములు. వానితోబాటు దుప్పికొమ్మును బలుచని రేకులుగా గోసి, చందనపు పెట్టెలపై నతికి, అంచులకు దంతము గూర్చి చేసినవి నేటికిని సీమలోని పాతవస్తువుల యంగళ్లలో గనబడుచుండును. వారి కంటికి పదునొకండంగుళముల విఱిగినముక్కయు పనికివచ్చునదే.

వైద్యుని కొలత అన్నింటికంటె సూక్ష్మము. మృగశృంగమును ముక్కలుగ గోసి, శుద్ధిచేసి, పుటము పెట్టి భస్మము చేయుదురు. దగ్గునకు, ఱొమ్మునొప్పికి నిచ్చుట ఆయుర్వేదములో నున్నది. గుణదోషములు వైద్యులకు విడుతును. ఇక్కడ కొలత గురిగింజ. ఒకే కొమ్మునకు దొరయింట అంగుళము, వర్తకునింట మణుగు, వైద్యునింట గురిగింజ! ఈ మూటిలో జంతువు ప్రాణము దీయు నవసరము లేనివి రెండు, రాలినకొమ్ముతో సరిపోవునవి. దొరగారి పుస్తకములో మాత్రము వేట ఘనతయే ప్రధాన మగుటచే, ఉన్నవానిలో నుత్తమమైన పోతునే ఏఱి చంపవలసివచ్చెను.

ఆ పట్టికలలో నేను వెదకునది మఱియొకటి యున్నది. పొడవు, చుట్టు, వెడల్పు, కొనలు, చోటు, సొంతదారు. ఇవి గడులు. సొంతదారుని బిరుదులు పూర్తిగా నుండును. చోటు దగ్గఱ గొన్నియెడల ఊరు కాక విశాలదేశభాగపు పేరు మాత్రమే యుండును. దారి చూపినవాని గడి లేదు. భద్రాచలము త్రోవలో వేటకు వచ్చిన దొరకు గాని జమీందారుకు గాని, ఏ వాగుకడ ఏ పోతు నీరు త్రాగునో, ఏ మానును రాచుకొనునో చూపినవాడు కోయవాడు. రాత్రి మంచె గట్టినవాడు నతడే, తల మోసినవాడు నతడే. అతని పేరు టేపునకు దొరకలేదు. మా యూరి 31 అంగుళముల జంట క్రింది చెక్కపలకమీదను ఏ యేడో, ఏ యడవియో, ఎవరు చూపిరో వ్రాతలేదు.

ఈ విషయమున అమెరికాలో నొక విచిత్రము జరిగినది. 1914 లో విస్కాన్సిను రాష్ట్రమున జేమ్సు జోర్డను అను యువకు డొక పోతును గొట్టి, తలను నింపుటకు ఒకనికి నిచ్చెను. ఆ పనివాడు ఊరు విడిచిపోవుటతో తలయు బోయినది. చాల యేండ్లకు అది పాతసామానుల యమ్మకములో మూడు డాలర్లకు మఱియొకని చేతబడి, కొలువగా 206⅛ వచ్చి, 1971 లో ప్రపంచపు మొదటిస్థాన మందినది. ఎవరు కొట్టిరో తెలియ దని పుస్తకములో వ్రాసిరి. ఇది నాదే యని జోర్డను ఎంత చెప్పినను విచారణ సాగుచునే యుండెను. 1978 లో ఆతని పేరు చేర్చుటకు నిశ్చయించునప్పటికి ఆతడు కన్నుమూసి కొలదిమాసము లైనది. 1993 లో కెనడాలో దొరకిన 213⅝ మార్కుల కొమ్ములు దానిని దాటినవి. ఆలస్యముగనైనను ఆతనికి గడి దొరకినది.

మనదేశమున చట్టము మెల్లగా వచ్చెను. నీలగిరులకు 1879 లో వేటచట్టము చేసిరి. 1912 నాటి చట్టము దుప్పులు జింకలు మొదలగువానికి వేట నిషిద్ధకాలములు నిర్ణయింపవచ్చు ననెను. నడుమ కాలమున రాజులు, జమీందారులు దొరల పద్ధతినే పట్టుకొని మైసూరులోని వాన్ ఇంజెను వారి కార్ఖానాకు తలలు పంపుచుండిరి. 1972 లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1991 సవరణతో లైసెన్సు వేట దారియు మూసిరి. నేడు అడవిలో రాలిన కొమ్మును ముచ్చటపడి యింటికి దెచ్చికొనుటయు నేరమే. శ్రోతలు దీనిని మఱువవలదు. కొలువదలచినచో పడియున్నచోటనే కొలిచి, గుర్తు వ్రాసికొని, విడిచి రావలెను. ఏదుపందికి దాని పాలు గలదు.

పాత రికార్డుల పుస్తకములు వ్యర్థము లయ్యెనా యనగా, కాలేదు. అమెరికా క్లబ్బువారు 1900 మొదలు 2008 వఱకు వ్రాసియుంచిన ఇరువదిరెండువేలకు బైబడిన కొలతలను శాస్త్రజ్ఞులు పరిశీలించి 2013 లో ఫలితములు ప్రకటించిరి. చాల జాతులలో కొమ్ములపరిమాణము కొద్దికొద్దిగ దఱుగుచు వచ్చెను. పోతులను ముదురనీయక తఱచుగ వేటాడుట దీనికి ముఖ్యహేతువులలో నొకటిగా వారికి గనబడెను. కెనడాలోని రాం పర్వతమున కొండగొఱ్ఱెలమీద జరిగి 2003 లో బ్రకటితమైన పరిశోధనయు, పెద్దకొమ్ములవానినే ఏఱి చంపినచో పుట్టు సంతతికి కొమ్ములు చిన్నవగు నని చూపినది. అచ్చట తేదీయు జోటును వ్రాసియుంచిరి గనుకనే ఈ సంగతి తెలిసినది. తేదీలేని మా గోడమీది జంట ఇట్టి ప్రశ్నకు సాక్ష్యము చెప్పలేదు.

బ్రతికియున్న దుప్పికొమ్మును గొలుచు పద్ధతియు నున్నది. జార్జి షాలరు అను శాస్త్రజ్ఞుడు మధ్యప్రదేశములోని కాన్హా యడవిలో 1963 మొదలు 1965 వఱకు నుండి, దుప్పులను దూరమునుండి చూచియే కొమ్ముల స్థితినిబట్టి వర్గములుగా విభజించి లెక్క వ్రాసెను. చంపనక్కఱలేదు, టేపక్కఱలేదు, దుర్భిణి చాలును. తిరువూరునుండి బాట పట్టి పెనుబల్లి, కొత్తగూడెము దాటినచో పాల్వంచయొద్ద కిన్నెరసాని అభయారణ్యము వచ్చును. అచ్చట దుప్పి తల యెత్తి నిలిచినపుడు చెవినే కొలబద్ద చేసికొనవచ్చును. కొమ్ము చెవికి రెండింతలా, మూడింతలా, నాలుగింతలా? తోలింకను మీద నున్నదా, ఊడినదా? కుడి కొన విఱిగినదా? ఈ మూడు సంగతులును, ప్రక్కన తేదీయు, వాగు పేరును, చూపినవాని పేరును వ్రాయునంత సావకాశము అది సాధారణముగ నిచ్చును. చెవి రిక్కించినదా, తరువాత నుండదు.